ఇంజను పోయిందనే ముందు డిస్ట్రిబ్యూటరు చూడండి

మన సంఘం కుటుంబాల్లో కొందరి ఇళ్ళ షెడ్లలో ఇప్పటికీ ఒక అంబాసిడరో, ఫియట్టో ఉంటుంది. తాతగారు కొన్నదో, నాన్నగారు ఆఫీసు వేలంలో పాడుకున్నదో అయివుంటుంది. ఒకప్పుడు పెళ్ళిళ్ళకూ, పురుళ్ళకూ, తిరుపతి మొక్కులకూ తిరిగిన బండి. ఇప్పుడు గుడ్డ కప్పుకుని కూర్చుంటుంది. ఏడాదికోసారి ఆయుధపూజనాడు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి మళ్ళీ లోపల పెడతారు. అమ్మేందుకు మనసొప్పదు, నడిపేందుకు ధైర్యం చాలదు.

ఇలాంటి బండి మొరాయించినప్పుడు మొదట వినిపించే మాట "ఇంజను పోయింది సార్" అని. ఆ మాట నిజమైన సందర్భాలూ ఉంటాయి. కాని చాలాసార్లు పాడయ్యేది ఇంజను కాదు, దాని పక్కన నిలబెట్టి ఉండే జానెడు పరికరం. దాని పేరు డిస్ట్రిబ్యూటరు. మెకానిక్కులు చాలామంది దీన్ని "డెల్కో" అంటారు. అది అమెరికాలో డేటన్ నగరంలో చార్లెస్ కెటరింగ్ మొదలైనవారు 1909లో పెట్టిన కంపెనీ పేరు. బ్యాటరీ, కాయిలు, పాయింట్లతో నిప్పురవ్వ పుట్టించే పద్ధతిని కార్లలో ప్రచారంలోకి తెచ్చింది వారే. మనం వనస్పతిని డాల్డా అన్నట్టు, కంపెనీ పేరు వస్తువుకు స్థిరపడిపోయింది.

నేను కామర్సు చదివి బ్యాంకులో చేరినవాణ్ణి, ఇంజనీరును కాను. అయినా హోసూరులో మా బావగారి బండి విషయంలో దగ్గరుండి చూసినదీ, ఆ తరవాత పుస్తకాలు తిరగేసి, మేస్త్రీలను అడిగి తెలుసుకున్నదీ పదిమందికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

అమ్మేద్దామనుకున్న బండి

ఆ బండి 1968 నాటి అంబాసిడరు మార్క్ 2. మా అక్కయ్య మామగారు కొన్నది. కొంతకాలంగా దాని తీరు బాగుండలేదు. ఉదయం స్టార్టవుతుంది గాని నిలకడగా తిరగదు. ఎత్తు ఎక్కేటప్పుడు మిస్సింగు. సైలెన్సరులో టపటపమని చప్పుడు. పికప్ లేదు, పెట్రోలు మాత్రం తాగేస్తోంది. రెండు గ్యారేజీలలో చూపిస్తే ఇద్దరూ ఒకేమాట అన్నారు: బోరు పోయింది, పిస్టన్లు, రింగులు మార్చాలి, ఇంజను దింపాలి. ఖర్చు విని బావగారు మాట్లాడలేదు. మా మేనల్లుడు మాత్రం, "ఇంత పెట్టి ఏం చేసుకుంటాం మామయ్యా, పాత ఇనుముకు ఇచ్చేస్తే షెడ్డయినా ఖాళీ అవుతుంది" అన్నాడు. అక్కయ్య నన్ను పక్కకు పిలిచి, "ఒరేయ్, నన్ను కాపురానికి తీసుకొచ్చిన బండిరా అది. అమ్మే ముందు ఇంకొక్కరికి చూపించు" అంది.

ఆ ఇంకొక్కరు డెబ్భై దాటిన ఒక మేస్త్రిగారు. ఆయన ఇంజను విప్పే మాట ఎత్తకుండా ముందు నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కొక్క సిలిండరులో కంప్రెషన్ గేజి పెట్టి చూశారు. నాలుగింటిలోనూ ఒత్తిడి దాదాపు సమానంగా వచ్చింది. "బోరు పోతే ఈ అంకెలు ఇలా రావు సార్. ఇంజను జోలికి పోవద్దు, డెల్కో చూద్దాం" అన్నారు. డిస్ట్రిబ్యూటరు మూత తీసి, లోపలి షాఫ్టును రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ ఊపారు. అది కదిలే పంటిలా ఊగింది.

అప్పు అడిగినవారి లెక్కలు చూడకుండా సంతకం పెట్టం గదా. అలాగే కంప్రెషన్ చూడకుండా ఇంజను విప్పడానికి ఒప్పుకోకూడదు. ఇది మొదటి పాఠం.

డిస్ట్రిబ్యూటరు చేసే పని

అంబాసిడరు 1957 నుంచి 2014 దాకా కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో తయారైంది. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు దీనికి మాతృక. ఎన్నో ఏళ్ళపాటు దీనిలో వాడిన 1489 సి.సి. పెట్రోలు ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ జాతిది. దాని డిస్ట్రిబ్యూటరు లూకాస్ నమూనా. 1961లో మద్రాసులో లూకాస్-టీవీఎస్ కంపెనీ ఏర్పడ్డాక కార్ల కరెంటు సామాను మన దేశంలోనే తయారవడం మొదలైంది.

ఈ పరికరం మూడు పనులు చేస్తుంది. మొదటిది, కాయిలుకు వెళ్ళే 12 వోల్టుల కరెంటును పాయింట్లతో కలిపి తెంచడం. పాయింట్లు విడిన క్షణంలో కాయిలులో వేల వోల్టులు పుడతాయి. రెండోది, అలా పుట్టిన కరెంటును రోటరు ద్వారా వరసప్రకారం ఏ ప్లగ్గుకు అందాలో ఆ ప్లగ్గుకు పంపడం. ఈ ఇంజనుకు వరస 1-3-4-2. మూడోది, అన్నిటికన్నా సూక్ష్మమైనది: వేగాన్నిబట్టి, బరువునుబట్టి నిప్పురవ్వను కాస్త ముందుకో వెనక్కో జరపడం. దీన్నే అడ్వాన్సు అంటారు.

ఈ మూడో పని ఎందుకంటే, పెట్రోలు మండడానికి కొంత సమయం పడుతుంది. ఇంటికి చుట్టాలు పన్నెండింటికి వస్తారంటే పొయ్యి పన్నెండింటికి వెలిగించం గదా. పిస్టన్ పైకొచ్చేసరికి మంట అందుకోవాలంటే రవ్వ ముందుగానే పడాలి. ఇంజను ఎంత వేగంగా తిరిగితే అంత ముందుగా పడాలి. దీనికోసం లోపల రెండు చిన్న బరువులు, వాటిని పట్టి ఉంచే రెండు స్ప్రింగులు ఉంటాయి. వేగం పెరిగితే బరువులు బయటికి విచ్చుకుని టైమింగును ముందుకు జరుపుతాయి. ఇది కాక, సమతల రోడ్డుమీద తేలికగా పోతున్నప్పుడు కార్బురేటరు దగ్గర పుట్టే వాక్యూము ఒక సన్నని గొట్టం గుండా వచ్చి, తప్పెటలాంటి డబ్బాలోని పొరను లాగి మరికొంత అడ్వాన్సు ఇస్తుంది.

ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే డిస్ట్రిబ్యూటరు అందులో సగం, 1500 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు నాలుగు రవ్వలు. అంటే నిమిషానికి 6000, సెకనుకు 100. ఇన్ని రవ్వలూ ఒకదాని తరవాత ఒకటి సరైన సమయానికి పడాలి. యాభై ఏళ్ళు ఇలా పనిచేసిన వస్తువు అరగడంలో ఆశ్చర్యం లేదు.

అరుగుదల ఎక్కడ

పాయింట్లు విచ్చుకునే సందు ఈ లూకాస్ డిస్ట్రిబ్యూటర్లలో 0.014 నుంచి 0.016 అంగుళం. షాఫ్టు చుట్టూ ఉండే బుష్ అరిగి, షాఫ్టు 0.005 అంగుళం ఊగిందనుకోండి. సందులో మూడోవంతు తేడా వచ్చేసినట్టే. ఒక సిలిండరుకు రవ్వ ముందు పడుతుంది, ఇంకోదానికి ఆలస్యంగా పడుతుంది. ఫీలర్ గేజి పెట్టి ఎన్నిసార్లు సరిచేసినా నిలవదు. మా బావగారి బండికి రెండేళ్ళలో నాలుగుసార్లు పాయింట్లు మార్చారు. మార్చిన వారం బాగుండేది, మళ్ళీ మొదటికి వచ్చేది. రోగం పాయింట్లలో లేదు, బుష్‌లో ఉంది.

రెండోది స్ప్రింగులు. సాగిపోయినా, ఎవరో ఎక్కడివో తెచ్చి వేసినా అడ్వాన్సు అవసరానికి ముందే వచ్చేస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు రేకుడబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు ఇంజనులో గలగల వినిపిస్తే అదే కారణం కావచ్చు. దాన్ని పట్టించుకోకుండా నడిపితే పిస్టన్లకు నిజంగానే హాని జరుగుతుంది. బరువులు తుప్పుపట్టి బిగుసుకుంటే దీనికి వ్యతిరేకం: అడ్వాన్సు రాదు, ఇంజను వేడెక్కుతుంది, పికప్ చచ్చిపోతుంది.

మూడోది వాక్యూము డబ్బాలోని పొర చిరగడం. నాలుగోది, చాలామంది కంట పడనిది: లోపలి ప్లేటుకు ఎర్తు ఇచ్చే సన్నని తీగ. పైన గుడ్డ తొడుగు బాగానే ఉంటుంది, లోపల రాగిపోగులు తెగి ఉంటాయి. బండి కుదుపుకు కలుస్తూ విడిపోతూ మిస్సింగు ఇస్తుంది. ఐదోది మూత. దానిలోపల బొగ్గుగీతలాంటి సన్నని చార ఉందంటే కరెంటు దారి తప్పి అక్కడ పాకుతోందన్నమాట. వానాకాలంలో మొండికేసే బండ్లలో ఇది చూడాలి.

ఏది ఎంచుకోవాలి

ఇక్కడ నాలుగు దారులున్నాయి: ఉన్నదాన్నే బాగుచేయించడం, అదే రకం పాతది ఇంకొకటి వెదకడం, వేరే బండిదో కొత్త నకలుదో తెచ్చి బిగించడం, పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ పద్ధతికి మారడం.

మూడో దారి చాలా సులువుగా కనిపిస్తుంది. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి ఇంజన్లలో చాలావాటికి లూకాస్ డిస్ట్రిబ్యూటర్లు ఒకే కొలతతో పడతాయి. ఎం.జి. స్పోర్ట్స్ కారుదైనా అంబాసిడరు ఇంజనులో దిగుతుంది, బండి స్టార్టవుతుంది. కాని పట్టడం వేరు, పనికిరావడం వేరు. స్పోర్ట్స్ కారుకూ, కుటుంబం ఎక్కే బరువైన కారుకూ అడ్వాన్సు ఒకేలా ఉండదు. పైకి కవలల్లా ఉన్నా లోపలి బరువులు, స్ప్రింగులు వేరు.

ఈ తేడా తెలుసుకోవడానికి తయారుచేసినవారే గుర్తులు పెట్టారు. డిస్ట్రిబ్యూటరు ఒంటిమీద దాని రకం, పార్టు నంబరు కొట్టి ఉంటాయి. లోపల బరువులుండే ప్లేటుమీద ఒక అంకె ఉంటుంది. అది బరువులవల్ల గరిష్ఠంగా వచ్చే అడ్వాన్సు, డిస్ట్రిబ్యూటరు డిగ్రీలలో. ఇంజను లెక్కలో దానికి రెట్టింపు. వాక్యూము డబ్బామీద మూడు అంకెలుంటాయి. ఉదాహరణకు 5-13-10 అని ఉంటే, 5 అంగుళాల పాదరసం వాక్యూము దగ్గర లాగడం మొదలవుతుంది, 13 దగ్గర పూర్తవుతుంది, మొత్తం 10 డిగ్రీలు, అంటే ఇంజను లెక్కలో 20 అన్నమాట. ఇవి బండి జాతకంలాంటివి. వీటిని కాగితంమీద రాసుకోకుండా బజారుకు వెళ్ళకూడదు.

మా మేనల్లుడు తన పనిమీద చెన్నై వెళ్తుంటే ఈ అంకెలు రాసి ఇచ్చాం. పాత సామానుకు పేరుపడ్డ పుదుపేటలో ఒక దుకాణంవారు మెరుగుపెట్టిన డిస్ట్రిబ్యూటరు చూపించి, "ఇదీ అదీ ఒకటే" అన్నారట. కుర్రవాడు మూత తీయించి చూస్తే లోపలి ప్లేటుమీద అంకె వేరు, వాక్యూము డబ్బామీద మూడు అంకెలూ వేరు. తీసుకోలేదు. ఆ పూటంతా వీధి వీధీ తిరిగి, మా అంకెలతో సరిపోయే వాక్యూము డబ్బా ఒకటి పట్టుకుని, ఫోనులో ఫొటో తీసి పంపి, "ఇదేనా మామయ్యా? కొనెయ్యనా?" అని అడిగాడు. పాత ఇనుముకు ఇచ్చేద్దామన్నవాడు వీడేనా అనిపించింది.

నా అభిప్రాయం ఇది. ఒళ్ళు పగలక, పార్టు నంబరు చదవడానికి వీలుగా ఉంటే, ఉన్న డిస్ట్రిబ్యూటరునే బాగుచేయించండి. అది ఆ ఇంజను కోసం లెక్కకట్టి చేసింది. ఒళ్ళు పగిలిపోతేనే అదే నంబరుది ఇంకొకటి వెదకాలి. వెదికేటప్పుడు షాఫ్టు తిరిగే దిక్కు కూడా చూడాలి. ఈ ఇంజనులో పైనుంచి చూస్తే అది అపసవ్యంగా, గడియారం ముళ్ళకు ఎదురుగా తిరుగుతుంది.

బాగుచేసే వరస

తీసేముందు ప్లగ్గు వైర్లకు నంబర్లు కట్టాలి. ఒకటో సిలిండరు మండే స్థితికి ఇంజనును తెచ్చి, రోటరు ఎటు చూస్తోందో గుర్తు పెట్టుకోవాలి. తీసేటప్పుడు క్లాంపు ప్లేటును ఇంజనుకు పట్టి ఉంచే రెండు మరలు విప్పితే చాలు. డిస్ట్రిబ్యూటరు మెడను బిగించిన బోల్టును కదపకపోతే పాత టైమింగు చెదరదు.

విప్పేటప్పుడు అడుగున ఉండే ముక్కును, అంటే ఇంజనుతో కలిసే డాగును జాగ్రత్తగా చూడాలి. దాని నాలుక నడిమధ్యలో ఉండదు, ఒక పక్కకు ఉంటుంది. ఒకే ఒక్క పద్ధతిలో దిగాలని అలా చేశారు. పిన్ను కొట్టి తీసేముందు ఆ నాలుక, పైన రోటరు కూర్చునే గాడి ఒకదానికొకటి ఎలా ఉన్నాయో గీత గీసుకోవాలి. తిరగబెట్టి బిగిస్తే ఒకటికి పడాల్సిన రవ్వ నాలుగుకు పడుతుంది.

ఇక బుష్. ఇది కంచుపొడిని అచ్చులో ఒత్తి కాల్చిచేసినది. దాని ఒంటినిండా కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. అవి నూనె పీల్చుకుని షాఫ్టుకు అందిస్తుంటాయి. కొత్త బుష్‌ను బిగించేముందు ఇంజను ఆయిలులో 24 గంటలు ముంచి ఉంచాలి. మరీ తొందరైతే 100 డిగ్రీల సెల్సియస్ వేడి ఆయిలులో 2 గంటలు ఉంచి, ఆయిలులోనే చల్లారనివ్వాలి. బిగించాక బిగువుగా ఉందని రీమరు వేసి తొలవకూడదు. తొలిస్తే రంధ్రాలు మూసుకుపోతాయి, నూనె రాదు, ఏడాది తిరక్కుండా మళ్ళీ అరుగుతుంది. హోసూరులో ఒక లేత్ షాపువారు మామూలు ఇత్తడి కడ్డీతో తిప్పి ఇస్తామన్నారు. మేస్త్రిగారు ఒప్పుకోలేదు. సరైన బుష్ వచ్చేదాకా పదిరోజులు ఆగారు. షాఫ్టు కూడా అరిగివుంటే కొత్త బుష్ ఒక్కటే వేసి లాభం లేదు. దాన్ని కూడా సరిచేయించాలి.

బరువుల కుదుళ్ళు కిరోసినుతో కడిగి, తేలికగా నూనె రాయాలి. రెండు స్ప్రింగులు ఒకేలా లేవని కంగారుపడి జత మార్చకూడదు. ఒకటి సన్నగా, ఒకటి దళసరిగా ఉండడమూ, దళసరిదాని కొక్కెం వదులుగా ఉండడమూ చాలావాటిలో సహజమే. తక్కువ వేగంలో సన్నది, ఎక్కువ వేగంలో రెండూ కలిసి పనిచేయాలనే అలా పెట్టారు.

వాక్యూము డబ్బాను పరీక్షించడానికి యంత్రం అక్కర్లేదు. గొట్టం చివర నోటితో పీల్చి, నాలుకతో మూసి ఉంచితే ప్లేటు జరిగి అక్కడే నిలవాలి. వెనక్కి వచ్చేస్తే పొర చిరిగినట్టే. డబ్బానుంచి కార్బురేటరుకు వెళ్ళే గొట్టం, దాని రబ్బరు కొసలు కూడా చూడాలి.

పాయింట్లు, కండెన్సరు, రోటరు మూడూ కొత్తవి వేయాలి. అయితే కొత్తదల్లా మంచిది కాదు. ఇప్పుడు దొరికే కండెన్సర్లలో, రోటర్లలో నాసిరకం చాలా ఉంది. పాత కండెన్సరు బాగా పనిచేస్తుంటే పారేయకుండా డిక్కీలో దాచుకోండి. ఎర్తు తీగ మాత్రం అనుమానం ఉన్నా లేకపోయినా మార్చేయండి. అతికించేటప్పుడు ప్లేటు కదలికకు అడ్డం రాకుండా మెత్తని పోగుల తీగ వాడాలి.

బిగించి, టైమింగు పెట్టడం

ఒకటో సిలిండరు, నాలుగో సిలిండరు పిస్టన్లు కలిసే పైకి వస్తాయి. కాబట్టి కప్పీమీద గుర్తు కలిసినంతమాత్రాన ఒకటోదే మండే స్థితిలో ఉందనుకోకూడదు. ఒకటో ప్లగ్గు తీసి, రంధ్రంమీద బొటనవేలు పెట్టి ఇంజను చేత్తో తిప్పితే, గాలి వేలిని తోసినప్పుడు తెలుస్తుంది.

తరవాత ఒక 12 వోల్టుల చిన్న బల్బు చాలు. డిస్ట్రిబ్యూటరుకు కాయిలునుంచి వచ్చే సన్నతీగ చివరకూ, ఇంజను ఒంటికీ మధ్య బల్బు కలిపి, తాళంచెవి తిప్పాలి. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు బల్బు వెలగదు. విడిన క్షణంలో వెలుగుతుంది. హ్యాండ్‌బుక్కులో చెప్పిన డిగ్రీ దగ్గర ఆ వెలుగు వచ్చేట్టు డిస్ట్రిబ్యూటరును తిప్పి బిగించాలి. టైమింగు లైటు ఉన్న గ్యారేజీలో వాక్యూము గొట్టం తీసి మూసి, ఇంజను వేగం పెంచి చూస్తే గుర్తు మెల్లగా ముందుకు జరిగి, వేగం తగ్గించగానే తిరిగి తన చోటికి రావాలి. గెంతితే, మధ్యలో ఆగిపోతే బరువుల దగ్గర ఇంకా పని మిగిలివుందన్నమాట.

ఒకమాట గుర్తుంచుకోవాలి. హ్యాండ్‌బుక్కులో అంకె ఆనాటి పెట్రోలుకు ఇచ్చింది. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు. అందువల్ల పుస్తకంలో అంకె దగ్గర మొదలుపెట్టి, మనుషులను ఎక్కించి, ఒక ఎత్తు ఎక్కించి చూడాలి. గలగల వినిపిస్తే ఒక్క పిసరు వెనక్కి జరపాలి. ఆ పెట్రోలుకు పాత రబ్బరు గొట్టాలు పాడవుతాయి గనుక వాటినీ అప్పుడే మార్చుకోవడం మంచిది.

పాయింట్లా, ఎలక్ట్రానిక్కా?

పాయింట్లు తీసేసి, వాటి చోట చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె, షాఫ్టుమీద అయస్కాంతపు కట్టు వేసే పద్ధతి ఉంది. మూత పెడితే బయటికి తెలియదు. అరిగే పాయింట్లు ఉండవు, మాటిమాటికీ సందు సరిచేసే పని ఉండదు. రోజూ నడిపేవారికి ఇది సుఖమే. కాని మూడు సంగతులు తెలుసుకుని వేయించుకోండి. అరిగిన బుష్‌ను, సాగిన స్ప్రింగును అది బాగుచేయదు. లోపలి పనంతా ముందు చేయించాల్సిందే. పాత బ్రిటిష్ నమూనా బండ్లలో కొన్నిటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది. దానికి తగ్గ పెట్టె కాక వేరేది కలిపితే ఒక్క క్షణంలో కాలిపోతుంది. మూడోది, పాయింట్లు పోయేముందు హెచ్చరిస్తాయి. ఎలక్ట్రానిక్ పెట్టె చెప్పకుండా పోతుంది. కాబట్టి తీసిన పాయింట్ల ప్లేటును యథాతథంగా డిక్కీలో ఉంచుకోవాలి. బావగారు నెలకు రెండుసార్లే బండి తీస్తారు గనుక పాయింట్లే ఉంచుకున్నారు.

అసలు రూపం కాపాడుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. 50 ఏళ్ళు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజి వాహనాలుగా నమోదు చేసే నిబంధనలను కేంద్రప్రభుత్వం 2021 జులైలో ప్రకటించింది. నంబరులో "వి.ఏ." అనే అక్షరాలు వస్తాయి. రుసుము కొత్త నమోదుకు 20,000 రూపాయలు, తిరిగి నమోదుకు 5,000 రూపాయలుగా పెట్టారు. బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు చేసివుండకూడదు. ఇలా నమోదైన బండిని రోజువారీ పనులకూ, వ్యాపారానికీ వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులవంటి వాటికే రోడ్డెక్కించాలి. ఆ ఆలోచన ఉన్నవారు మార్పులు చేయించే ముందే ఈ నిబంధనలు చదువుకోవాలి.

పనితనం ఎక్కడుంది

సామాను పుదుపేటలోనో, బెంగుళూరు జె.సి. రోడ్డులోనో వెదికితే ఏదోవిధంగా దొరకవచ్చు. చేతిపనే దొరకడం కష్టమవుతోంది. ముంబయిలో చివరి ప్రీమియర్ పద్మిని టాక్సీలు 2023 అక్టోబరుతో సెలవు తీసుకున్నాయి. అలాంటి బండ్లు రోజూ తిరిగినంతకాలం పాయింట్ల పని తెలిసిన మేస్త్రీలు ప్రతి పేటలోనూ ఉండేవారు. బండ్లతోపాటు ఆ పనీ పోతోంది.

మోటారు పని మన తెలుగువారికి కొత్తకాదు. కోయంబత్తూరు ప్రాంతపు తెలుగు కుటుంబంలో 1893లో పుట్టిన జి.డి. నాయుడుగారు 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థను నిలబెట్టారు. యంత్రాన్ని విప్పి చూసి నేర్చుకోవడం ఆయన పద్ధతి. ఆయన పేరుతో కోయంబత్తూరులో 2015లో తెరిచిన జీడీ కార్ మ్యూజియంలో పాత కార్లను చూడవచ్చు. పిల్లలను తీసుకువెళ్ళదగ్గ చోటు.

మా బావగారి బండికి చివరికైన ఖర్చు ఇంజను దింపడానికి అడిగిన మొత్తంలో పదోవంతు కూడా కాలేదు. కాని దానికి నెలా పదిహేను రోజులు పట్టింది. పాత బండికి డబ్బుకన్నా ఓపిక ఎక్కువ కావాలి. అదీ తెలిసి దిగాలి.

చివరగా, పాత బండి ఉన్న ఇళ్ళవారికి నాదొక విన్నపం. వచ్చే ఆయుధపూజకు బండి కడిగినప్పుడు డిస్ట్రిబ్యూటరు మూత కూడా తీయించండి. రోటరు కింద రెండు చుక్కల నూనె, కామ్‌మీద ఆవగింజంత గ్రీజు వేయించండి. అంతకు మించితే పాయింట్లమీద పడి వేరే తంటా తెస్తుంది. ఒంటిమీది పార్టు నంబరూ, వాక్యూము డబ్బామీది మూడు అంకెలూ, బండికి ఎర్తు ఏ రకమో ఒక కాగితంమీద రాసి ఆర్.సి. పుస్తకంతోపాటు దాచండి. పనితెలిసిన పెద్దమేస్త్రి ఎవరైనా దగ్గరలో ఉంటే, బండి బాగున్నప్పుడే ఒకసారి ఇంటికి పిలిచి మూత తీయించి, ఆయన పనిచేస్తుంటే ఇంట్లో కుర్రవాణ్ణో, అమ్మాయినో పక్కన నిలబెట్టండి. ఫీలర్ గేజి పట్టుకోవడం నేర్చుకోవడానికి ఒక్క పూట చాలు.